కదిలే రెక్కకు కదలని పిన్ను

చిన్న విమానం రెక్క వెనక అంచున ఐలరాన్ అనే పలక ఉంటుంది. పైలట్ చేతిలోని కర్రను పక్కకు వంచితే ఒక రెక్క మీద ఐలరాన్ పైకి లేస్తుంది, రెండో రెక్క మీద కిందికి దిగుతుంది. విమానం ఒరుగుతుంది. తోక మీద అడ్డంగా ఉండే ఎలివేటర్ ముక్కును ఎత్తుతుంది, దించుతుంది. నిలువుగా ఉండే రడ్డర్ ముక్కును పక్కకు తిప్పుతుంది. గాల్లో ఉన్న విమానం మనిషి మాట వినేది ఈ మూడు రకాల పలకల వల్లే. వాటిని రెక్కకూ తోకకూ పట్టి ఉంచేవి బందులు. ఆ బందులు తిరగడానికి ఇరుసుగా ఉండేది పిన్ను. ఇళ్లలో తయారయ్యే విమానాలు చాలావాటిలో, నేలకు దిగేటప్పుడు రెక్క వెనక కిందికి దించే ఫ్లాపులకూ, ఎలివేటర్ వంటి పలకల అంచున ఉండే ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలకలకూ, కొన్నిటిలో ఐలరాన్లకూ కూడా, ఆ పిన్ను రెండు మూడు మిల్లీమీటర్ల మందమున్న స్టీలు తీగ.

ఇంత సన్నటి తీగ విరిగిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే ఆ భయం పోతుంది. 2.3 మిల్లీమీటర్ల తీగ అడ్డకోత వైశాల్యం దాదాపు 4 చదరపు మిల్లీమీటర్లు. అంత స్టీలును ఒక్క చోట అడ్డంగా తెంచాలంటే నూరు కిలోలకు పైగా బరువు వేలాడదీయాలి. పియానో హింజ్ అనే ఈ పొడవాటి బందులో రెక్క వైపు కణుపు, పలక వైపు కణుపు ఒకదాని పక్కన ఒకటి వరసగా వస్తాయి. మీటరు పొడవులో అలాంటి జంటలు పదుల సంఖ్యలో ఉంటాయి, బరువును అవన్నీ పంచుకుంటాయి. కాబట్టి తీగ బలానికి లోటేమీ లేదు. అయితే ఆ బలమంతా అడ్డంగా వచ్చే బరువును మోయడానికే పనికొస్తుంది. పిన్ను తన పొడవు వెంబడి మెల్లగా బయటికి జారుతుంటే బందులో దాన్ని ఆపేదేమీ లేదు. ఆ ఏర్పాటు తయారు చేసేవాడే విడిగా చెయ్యాలి. ఈ అధ్యాయమంతా ఆ ఏర్పాటు గురించే.

ఇంట్లో విమానం తయారు చేయడమా అని ఆశ్చర్యపోయేవారి కోసం ఒక మాట. అమెరికాలో ఇది దశాబ్దాలుగా నడుస్తున్న వ్యవహారం. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీ దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను మొదలుపెట్టాడు. ఆ సంస్థ ఏటా ఆష్‌కాష్‌లో జరిపే సభకు వేల విమానాలు ఎగిరొస్తాయి. విమానంలో సగానికి మించిన పనిని నేర్చుకోవడానికో సరదాకో సొంతంగా చేసుకున్నవారికి అక్కడి విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ ప్రత్యేకమైన సర్టిఫికెట్ ఇస్తుంది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ ఆరెగాన్ రాష్ట్రంలో స్థాపించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మే కిట్‌లతో కట్టిన ఆర్‌వీ విమానాలే ఇప్పటికి 11,000కు పైగా ఎగిరాయి. మన దేశంలో ముంబై పైలట్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద కట్టిన విమానానికి 2017లో మన విమానయాన శాఖ డీజీసీఏ రిజిస్ట్రేషన్ దొరికింది.

కర్మాగారంలో ఒకరు బిగించిన బోల్టును ఇంకొకరు చూసి ముద్ర వేస్తారు. గరాజ్‌లో బిగించేదీ చూసేదీ ఒకే మనిషి. సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఎఫ్‌ఏఏ తరఫున ఒకరు వచ్చి విమానాన్ని పరిశీలిస్తారు గాని, ఆ ఒక్క రాకలో ప్రతి పిన్ను కొసనూ తడిమి చూడలేరు. అందువల్ల పిన్ను ఎందుకు జారుతుందో కట్టేవాడికి తెలియాలి. ఫలానా చోట తీగ చుట్టమని డ్రాయింగ్‌లో ఉంటుంది, ఎందుకు చుట్టాలో ఉండదు. కారణం తెలియని పనిని అలసిన రోజున వాయిదా వేయడం తేలిక.

చాలామంది తడబడేది ఘర్షణ దగ్గర. కొత్త హింజ్‌లో పిన్ను బిగువుగా ఉంటుంది. ప్లయర్‌తో పట్టి లాగితే తప్ప కదలదు. ఇంత బిగువుగా ఉన్నది దానంతటది ఎక్కడికి పోతుందనిపిస్తుంది. వేలికి పట్టేసిన ఉంగరాన్ని తీయడం గుర్తు చేసుకోండి. నేరుగా లాగితే రాదు, తిప్పుతూ లాగితే వస్తుంది. ఉంగరం అదే, వేలు అదే, బిగువూ అదే. ఘర్షణ ఎప్పుడూ జారుడుకు సరిగ్గా ఎదురు దిశలో నిలబడుతుంది. ఉంగరం గుండ్రంగా తిరుగుతున్నప్పుడు జారుడంతా ఆ చుట్టుదిశలోనే ఉంది, ఘర్షణ మొత్తం ఆ తిరుగుడును అడ్డుకోవడానికే సరిపోతుంది. పొడవు దిశలో వచ్చే చిన్న లాగుడుకు ఎదురు నిలవడానికి దాని దగ్గర దాదాపు ఏమీ మిగలదు. ఒక దిశలో జారుడు మొదలయిందంటే మిగతా దిశల్లోనూ పట్టు పోయినట్టే.

హింజ్ పిన్ను పనే తిరగడం. ఐలరాన్ కదిలిన ప్రతిసారీ కణుపులు పిన్ను చుట్టూ జారుతాయి. పైలట్ కర్ర కదపకపోయినా ఇంజను అదురు ఆగదు. నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే చుట్టుకు రెండు చొప్పున నిమిషానికి 5,000 పేలుళ్లు, గంటకు 3 లక్షలు. ప్రతి అదురుకూ పిన్ను మిల్లీమీటరులో లక్షో వంతు జరుగుతుందనుకుందాం. కంటికి కాదు కదా, మామూలు కొలత పరికరానికి కూడా అందని దూరమది. అయినా గంట తిరిగేసరికి 3 మిల్లీమీటర్లవుతుంది. పది గంటల ప్రయాణాలు పూర్తయ్యేసరికి రెండు కణుపులు ఖాళీ కావచ్చు. ఇది ఊహించి వేసిన లెక్కే, ఏ విమానంలోనూ కొలిచింది కాదు. అదురు ఎంత చిన్నదైనా సంఖ్య ఎంత పెద్దదో చూపించడానికి వేశాను.

నట్ల విషయంలో ఇదే సంగతిని 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి చూపించాడు. బోల్టును దాని పొడవు వెంట ఎంత అదిరించినా నట్టు చాలావరకు నిలుస్తుంది. బిగించిన రెండు రేకులను అడ్డంగా అటూ ఇటూ జరిపితే మాత్రం అదే నట్టు తనంతట తాను విప్పుకుంటుంది. అడ్డంగా జారిన ఆ క్షణంలో మరల మధ్య ఘర్షణకు తిరుగుడును ఆపే శక్తి ఉండదు. అతను తయారు చేసిన, అతని పేరుతోనే పిలిచే పరీక్షా యంత్రం మీద ఇప్పటికీ నట్ల నాణ్యతను పరీక్షిస్తున్నారు.

సరే, పట్టు పోయింది. మరి పిన్నును ఒకవైపుకే తోసేదేమిటి? రడ్డర్ విషయంలో సమాధానం సులువు. బందు నిలువుగా ఉంది, పిన్ను బరువే దాన్ని కిందికి లాగుతుంది. అందుకే నిలువు బందుల్లో బోల్టు తల పైన ఉండేలా వేస్తారు. నట్టు ఊడిపోయినా బోల్టు రంధ్రంలోనే కూర్చుని ఉంటుంది. రెక్క మీద వ్యవహారం కాస్త చిక్కు. చాలా విమానాల రెక్కలు మొదలు నుంచి కొసకు కొద్దిగా పైకి లేచి ఉంటాయి, కాబట్టి గురుత్వం పిన్నును మెల్లగా మొదలు వైపుకు, అంటే విమానం మొండెం వైపుకు, జరుపుతూ ఉంటుంది. దీనికి తోడు గాల్లో రెక్క పైకి వంగుతుంది, గాలి కుదుపుల్లో వంగుతూ లేస్తూ ఉంటుంది. బందు రేఖ వంగినప్పుడల్లా నిటారు తీగకూ కణుపులకూ మధ్య పొడవు దిశలో సర్దుబాటు జరగక తప్పదు. ఆ సర్దుబాట్లన్నీ ఒకే వైపుకు పేరుకుంటే పిన్ను ప్రయాణం మొదలెడుతుంది.

దాన్ని ఆపే మార్గాలు చాలా పాతవి, చాలా చవకైనవి. వాటి ధర చూసి చులకన చేయకూడదు.

మొదటిది, చివరి కణుపును పంచ్‌తో నొక్కి మూతి మూసేయడం. అల్యూమినియం మెత్తన కాబట్టి సుత్తితో చిన్న దెబ్బ చాలు. ట్రిమ్ ట్యాబ్ వంటి చిన్న పలకలకు కొందరు ఇంతటితో సరిపెడతారు. దీని బలహీనత కూడా మెత్తదనంలోనే ఉంది. స్టీలు తీగ కొస నొక్కుకు తగులుతూ ఉంటే అల్యూమినియమే అరిగి దారి ఇస్తుంది. పిన్ను తీసి శుభ్రం చేయాలన్నా ఆ నొక్కును పాడు చేయకుండా తీయలేం. ఒక కొసకు మాత్రమే చేసి, రెండో కొసను మరిచిపోయినవాళ్లు కూడా ఉంటారు.

దానికన్నా మేలైన పద్ధతి ఇది. పిన్నును కణుపుల వరస కంటే కొంచెం పొట్టిగా కత్తిరిస్తారు. చివరి కణుపు ఖాళీగా మిగులుతుంది. దాని గోడలకు అడ్డంగా సన్నటి రంధ్రం వేసి అందులోంచి సేఫ్టీ వైరో చిన్న కాటర్ పిన్నో దూరుస్తారు. పిన్ను బయటికి రావాలంటే ఆ స్టీలు అడ్డును తెంచాలి. పిన్నుకు రంధ్రం వేయాల్సిన పని లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీగ తెంచి పిన్ను లాగెయ్యొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ అడ్డు బయటికే కనిపిస్తుంది. ఎగిరే ముందు వంగి చూస్తే ఉందో లేదో తెలిసిపోతుంది. తాళం పడిందో లేదో కంటికి కనబడాలన్నది నా పట్టుదల, అందుకే నా ఓటు దీనికే.

మూడో పద్ధతి ఫ్లాపుల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్లాపు ఒక కొస విమానం మొండేనికి ఆనుకుని ఉంటుంది, రెండో కొస ఐలరాన్‌కు ఆనుకుని ఉంటుంది. ఒకటిన్నర మీటర్ల తీగను దూర్చడానికి ఏ కొస నుంచీ దారి ఉండదు. అందుకని బందు మధ్యలో రెండు మూడు కణుపులను కోసేసి, పిన్నును రెండు ముక్కలు చేసి, మధ్యలోంచి ఒకదాన్ని కుడికీ ఒకదాన్ని ఎడమకూ తోస్తారు. మధ్యలో మిగిలిన రెండు కొసలనూ లంబంగా వంచి, రెక్కకు రివెట్ చేసిన చిన్న రేకుకు సేఫ్టీ వైరుతో కడతారు.

ఆ కట్టడం ఎలాగో దగ్గరి నుంచి చూద్దాం. వైరు స్టెయిన్‌లెస్ స్టీలు, 0.8 మిల్లీమీటర్ల మందం. వంచిన కొక్కెం చుట్టూ ఒక చుట్టు వేసి రెండు పోగులనూ కలిపి మెలివేస్తారు. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడాలి. తక్కువైతే వదులు, ఎక్కువైతే వైరే పెళుసెక్కి తెగుతుంది. మెలి తిప్పిన తాడు కొక్కేన్ని లోపలికి లాగే దిశలోనే ఉండాలి. బయటికి లాగేలా కడితే కట్టిన శ్రమంతా ఎదురు తిరుగుతుంది. చివర్లో నాలుగైదు మెలికలు మిగిల్చి తెంచి, ఆ తోకను వెనక్కి మడిచి నొక్కేస్తారు, లేకపోతే తర్వాత ఆ పక్క చెయ్యి పెట్టినవాడి వేలు చీరుకుంటుంది. వాడిన వైరును మళ్లీ వాడరు. ప్లయర్ పళ్లు వైరు మీద గీత పెట్టినా తీసి పారేసి కొత్తది వేస్తారు, ఎందుకంటే అదురు కింద లోహపు అలసట మొదలయ్యేది అలాంటి గీత దగ్గరే.

పిన్ను జారినా ఎదురుగా విమానం మొండెం అడ్డు ఉంది కదా, ఎక్కడికి పోతుందని వాదించేవాళ్లు తగులుతారు. ఫ్లాపు మూసి ఉన్నప్పుడు ఉన్న అడ్డు దించినప్పుడు ఉంటుందన్న హామీ లేదు. సగం జారిన పిన్ను మొండేనికి గీసుకుంటూ ఫ్లాపును మధ్యలో పట్టేస్తే, ఒక రెక్క ఫ్లాపు దిగి రెండోది దిగకపోతే, నేలకు దగ్గరగా ఉన్న విమానం ఒక్క పక్కకు దొర్లడానికి చూస్తుంది. అది అనుకోకుండా దొరికిన అడ్డు, దాన్ని తాళంగా లెక్క కట్టకూడదు. అలాగే మరలకు పూసే జిగురు మందులు ఇక్కడ పనికిరావు. కణుపుల మధ్య తిరగాల్సిన చోట జిగురు పోస్తే బందే పట్టేస్తుంది.

అన్ని బందులూ పొడవాటి తీగలతో ఉండవు. ఆర్‌వీ ఐలరాన్లు రెండు బ్రాకెట్ల మీద, చిన్న బోల్టులతో వేలాడతాయి. ఎలివేటర్లకు కొసన గుండు బేరింగు ఉండే కడ్డీలు ఉంటాయి. ఇక్కడ నట్టు ఎంపికలో పెద్ద తేడా వస్తుంది. నైలాక్ నట్టులో ఉండే నైలాన్ రింగు మరలను పట్టి ఉంచుతుంది, అదీ ఘర్షణే. బోల్టు బేరింగ్ లోపలి గుండును గట్టిగా బిగించి కదలకుండా ఉండి, తిరుగుడంతా బేరింగులోనే జరిగితే నైలాక్ చాలు. బోల్టే తిరిగే చోట మాత్రం ఘర్షణ ఒక్కదాన్నే నమ్మకూడదని 2017 దాకా అమలులో ఉన్న అమెరికా చిన్న విమానాల డిజైన్ నిబంధన 23.607 స్పష్టంగా చెప్పింది. అక్కడ గాట్లు ఉన్న క్యాజిల్ నట్టు వేసి, గాటులోంచి బోల్టు రంధ్రం గుండా కాటర్ పిన్ను దూర్చాలి. మన మెకానిక్కులు స్ప్లిట్ పిన్ను అనేది దీన్నే. ఒక కాలు బోల్టు కొస మీదుగా, రెండోది నట్టు పక్కకు వంచాలి. ఏ బోల్టు ఊడితే విమానం క్షేమంగా దిగలేదో దానికి రెండు వేర్వేరు తాళాలు ఉండాలని కూడా ఆ నిబంధనలో ఉండేది. ఇంటి విమానాలకు ఈ నిబంధన అప్పుడు కూడా చట్టరీత్యా వర్తించలేదు. గాలికి ఆ తేడా తెలియదు గనక దాన్ని వర్తించినట్టే పాటించాలని నేనంటాను. గుండు బేరింగు ఉన్న చోట ఇంకో జాగ్రత్త ఉంది. బేరింగు అరిగి గుండు బయటికి ఊడొచ్చినా కడ్డీ బోల్టు మీద నుంచి జారిపోకుండా పక్కన పెద్ద వాషరు వేస్తారు.

పిన్ను పోతే ఏమవుతుంది? పలక ఊడిపోవడం, పట్టేయడం ఊహకు అందేవే. వాటికంటే భయంకరమైనది ఫ్లటర్. పలకకు బందు దగ్గర వదులు వస్తే గాలి దాన్ని కొంచెం ఎత్తుతుంది, ఆ ఎత్తుడుకు రెక్క వంగుతుంది, రెక్క వంగుడు పలకను మళ్లీ తిప్పుతుంది. ఈ రెండు కదలికల మధ్య సమయం కుదిరిందంటే ప్రతి ఊపుకూ ఎదురుగాలి నుంచి కొంత శక్తి చేరుతుంది. ఊపు ఒకటి రెండు సెకన్లలోనే నిర్మాణాన్ని చీల్చేంత పెరగగలదు. 1916లో హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక విపరీతంగా ఊగుతుంటే కారణం వెతికిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ కుడి ఎడమ ఎలివేటర్లు దేనికది ఊగడమే మూలమని కనిపెట్టి, రెండింటినీ గట్టి గొట్టంతో కలపమన్నాడు. పలకల ముందు అంచులో బరువు పెట్టి తూకం సరిచేయడం తర్వాత వచ్చిన ఉపాయం. ఆర్‌వీ ఐలరాన్ ముందు అంచులో ఉండే ఇనుప గొట్టం అందుకే. ఎంత తూకం వేసినా బందు వదులయితే మళ్లీ మొదటికే వస్తుంది.

రెండు ప్రమాదాలను ఇక్కడ చెప్పాలి. రెండూ సరిగ్గా హింజ్ పిన్నులవి కావు, తోక మీది పలకల బిగింపులవి. లెక్క మాత్రం అదే. 2000 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియాలో మేథర్ ఫీల్డ్ నుంచి లేచిన ఎమరీ వరల్డ్‌వైడ్ సరకు విమానం, డీసీ-8, కాసేపటికే కూలింది. ముగ్గురు సిబ్బందీ చనిపోయారు. కుడి ఎలివేటర్‌ను నడిపే చిన్న ట్యాబ్‌కు కడ్డీని కలిపే బోల్టును సరిగా బిగించి తాళం వేయలేదని, దాన్ని ఎవరూ సరిగా పరిశీలించలేదని, అది ఊడిపోవడంతో ముక్కు పైలట్ల అదుపు తప్పిందని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చింది. 2011 సెప్టెంబరు 16న నెవాడాలోని రీనోలో విమాన పందెం జరుగుతుండగా గ్యాలపింగ్ ఘోస్ట్ అనే పేరున్న పీ-51 విమానం హఠాత్తుగా పైకి లేచి, తర్వాత ప్రేక్షకుల దగ్గర నేలను ఢీకొంది. పైలట్ జిమ్మీ లీవార్డ్‌తో కలిపి 11 మంది చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు. ఎలివేటర్ ట్రిమ్ ట్యాబ్‌ను పట్టి ఉంచే స్క్రూల లాక్ నట్లలోని ఇన్సర్టులు పాతబడి పట్టు కోల్పోయాయి. స్క్రూలు వదులయ్యాయి, ఒకదానిలో అలసట పగులు అంతకు ముందే మొదలైంది. పందెం వేగంలో ట్యాబ్ ఫ్లటర్‌లో పడింది. లాక్ నట్టు మరల మీద వేళ్లతోనే పూర్తిగా ఎక్కిపోతుంటే దాన్ని పారేయమని మెకానిక్కుల పుస్తకాలన్నీ చెప్పేది ఇందుకే.

ఇక ఎగిరే ముందు చేయాల్సిన పని. పలకను రెండు చేతులా పట్టుకుని, తిప్పకుండా, బందుకు అడ్డంగా పైకీ కిందికీ మెల్లగా ఊపాలి. టకటక చప్పుడు వస్తే కణుపులు అరిగాయని అర్థం. తర్వాత బందు రెండు కొసలూ చూడాలి. కొసన తీగ ఒక మిల్లీమీటరు కొత్తగా పొడుచుకొచ్చినా అది కబురే. నట్ల మీద గీసిన రంగు గీత విరిగిందేమో చూడాలి. పియానో హింజ్ కింద రేకు మీద గాలి వాలుకు నల్లటి చార కనిపిస్తే అది నూనె మరక అనుకుని తుడిచేయకూడదు. అల్యూమినియం స్టీలుతో రాపిడి పడి రాలిన పొడి అలాగే నల్లగా ఉంటుంది. పిన్ను లాగి, గుడ్డతో తుడిచి, గోటితో పొడవునా గీసి చూస్తే కణుపుల దగ్గర మెట్లు తగులుతాయి. మెట్లు తగిలిన తీగను మార్చేయాలి. కొత్త తీగ కూడా కణుపుల్లో కదిలితే రంధ్రాలు కోలగా అరిగినట్టే. అప్పుడు రివెట్లు తీసి బందునే మార్చాలి. రేకును చుట్టి చేసిన హింజ్‌ల కంటే పోతపోసినట్టు ఒకే ముక్కగా తీసిన హింజ్‌లు ఈ అరుగుడును ఎక్కువ కాలం తట్టుకుంటాయి. కొత్తది కొనేటప్పుడు కాస్త ఎక్కువ ఖర్చయినా వాటినే కొనడం మంచిది.

ఇంత చూసినా గరాజ్‌లో చూసే కన్ను ఒక్కటే; బ్రిటన్‌లో మాత్రం ఇలాంటి ఇంటి విమానాల కంట్రోళ్లను ఎవరైనా విప్పి బిగిస్తే, ఒకరు చూసి సంతకం చేశాక, మరొకరు విడిగా చూసి రెండో సంతకం చేయాలి. రెండో సంతకం పడేదాకా విమానం ఎగరకూడదు.